పిడుదుల వలన కలుగు జ్వరములు - వాని నివారణము

మన ఆళ్లగడ్డ ప్రాంతమున పాడిపశువు చచ్చిన ఇంట ఒక మాట తరచుగా వినబడును: "ఆ ఆవు మాకు అచ్చిరాలేదు." సంకరజాతి ఆవును అప్పుచేసి కొని తెచ్చి, తవుడును పిండియు పెట్టి, కన్నబిడ్డవలె సాకిన పిమ్మట అది నాలుగైదు దినముల జ్వరముతో నేలకొరిగినచో, ఆ ఇంటివారికి దైవమును గాక మరి దేనిని నిందింపవలెనో తోచదు. ఆవు పోవును, అప్పు మిగులును, వాయిదా మాత్రము తప్పక వచ్చును. ఇట్టి మరణములలో పెక్కు దైవికములు కావు. చెవి మడతలోను, పొదుగు మొదటను, తోక క్రిందను అంటుకొని యుండి, "గొడ్డన్నాక పిడుదు ఉండదా" అని మనము తేలికగా విడిచిపెట్టు పిడుదే వానికి కారణము.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది రెండు మాటలు. పిడుదును పశువు ఒంటిమీద చంపినంతనే చాలదు, అది గ్రుడ్లు పెట్టు తావున గూడ చంపవలెను. ఒక ఇంటివారు చంపినంతనే చాలదు, ఊరివారందరు ఒకేసారి పూనుకొనవలెను. ఇందుకు హేతువులను క్రమముగా వివరింతుము.

పిడుదు ఎట్టి జీవి

కొన్ని సీమలలో గోమారి యని పిలువబడు పిడుదు, ఈగ దోమల జాతికి చెందినది కాదు. సాలెపురుగునకును తేలునకును దాయాది. ఎదిగిన పిడుదునకు ఎనిమిది కాళ్లుండును. గ్రుడ్డునుండి అప్పుడే వెలువడిన పిల్లకు ఆరు కాళ్లే యుండును. నెత్తురు తప్ప దానికి వేరు ఆహారము లేదు. నెత్తురు త్రాగి ఉబ్బిన ఆడపిడుదు అచ్చముగా ఆముదపు గింజను పోలి యుండును. ఆముదపు చెట్టునకు శాస్త్రజ్ఞులు 'రిసినస్' అని పేరు పెట్టిరి. లాటిను భాషలో ఆ మాటకు పిడుదు అనియే అర్థము. మన రైతునకు తోచిన పోలికయే దూరదేశపు వారికిని తోచినదన్నమాట.

మన కొట్టములలో ముఖ్యముగా రెండు తెగలు చూడనగును. మొదటిది బూఫిలస్ తెగ. దీని కాళ్లు పొట్టివి. ఇది పిల్లగా పశువునెక్కి, ఆ పశువు మీదనే పెరిగి, సుమారు 21 దినములలో నెత్తురు నిండుగా త్రాగి నేలమీద రాలును. రాలిన ఆడపిడుదు మట్టిలోను పేడచెత్తలోను దాగి రెండు మూడు వేల గ్రుడ్లు పెట్టి చచ్చును. ఆ గ్రుడ్లు పొదిగి పిల్లలు గడ్డిపరకల కొనలకు ఎగబ్రాకి, పశువు రాకకై ఎదురుచూచుచుండును. నీడయు తేమయు ఉన్న తావున అవి ఆహారము లేకయే నెలల తరబడి బ్రదుకగలవు.

రెండవది హయలోమ తెగ. దీని కాళ్లు పొడవు. వానిమీద తెల్లని పట్టెలుండును. ఇది ఒకే పశువు మీద జీవితమంతయు గడపదు. కొంత నెత్తురు త్రాగి దిగి, గోడ నెఱియలలో దాగి కుబుసము విడిచి, మరల వేరొక పశువునెక్కును. గ్రుడ్లు పెట్టుటయు ఆ నెఱియలలోనే. కావున మట్టిగోడలును, రాతికట్టు సందులును, పగిలిన గాడి అంచులును దీనికి పెట్టని కోటలు.

పిడుదుకును జ్వరమునకును గల సంబంధము

పిడుదు నెత్తురు త్రాగి పశువును చిక్కజేయుననుట అందరెరిగినదే. అది రోగక్రిములను మోయుననుట మాత్రము నూరేండ్లకు మించి కొద్దికాలము క్రిందటనే తెలిసినది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణపు పశువులను ఉత్తరమునకు తోలుకొని పోయినపుడు ఒక వింత జరుగుచుండెను. దక్షిణపు పశువులు నిక్షేపముగ నుండెడివి. అవి నడచిన దారిలో మేసిన ఉత్తరపు పశువులు మాత్రము ఎఱ్ఱమూత్రముతోను జ్వరముతోను చచ్చెడివి. థియొబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అను శాస్త్రజ్ఞులు దక్షిణపు పశువుల ఒంటిమీది పిడుదులను ఏరివేసి, వానిని ఉత్తరపు పశువులతో కలిపి కట్టించిరి, జ్వరము రాలేదు. వేరొక దొడ్డిలో పశువులను విడువక, ఉత్త పిడుదులను మాత్రము చల్లించి ఉత్తరపు పశువులను మేపించిరి; జ్వరము వచ్చినది. వారు 1893లో ఈ సంగతిని ప్రకటించిరి. దోమకును మలేరియాకును గల సంబంధమును రొనాల్డ్ రాస్ మన సికిందరాబాదులో కనుగొన్నది 1897లో. అనగా దోమ దోషము బయటపడుటకు నాలుగేండ్లు ముందే పిడుదు దోషము బయటపడినది.

మూడు జ్వరములు, వాని గురుతులు

పిడుదులు మన పశువులకు తెచ్చు జ్వరములలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది థైలీరియా జ్వరము. దీనిని తెచ్చునది గోడ నెఱియలలోని హయలోమ పిడుదు. సంకరజాతి ఆవులకును, విశేషించి వాని లేగలకును ఇది యమపాశము. జ్వరము 104 నుండి 107 డిగ్రీల వరకు పోవును. భుజము ముందుభాగమునను చెవి క్రిందను బిళ్లలు కట్టి గట్టిగా వాచును. కంట నీరు కారును, ఊపిరి బరువగును, పాలు ఒక్కసారిగా తగ్గును, పిమ్మట కనురెప్పల లోపలి ఎఱుపు పోయి పాలిపోవును. పశువు జ్వరముతో మేత మానినపుడు భుజము ముందు చేయిపెట్టి తడిమి చూచుట ప్రతి రైతును నేర్వదగిన పని. బిళ్ల చేతికి తగిలినచో ఆ పూట దాటనీయరాదు.

రెండవది బబీసియా జ్వరము. ఎఱ్ఱమూత్రపు జ్వరమనియు అందురు. దీనిని తెచ్చునది బూఫిలస్ పిడుదు. రోగక్రిమి నెత్తురులోని ఎఱ్ఱకణములను పగులగొట్టుటచే మూత్రము కాఫీ డికాషను రంగున వచ్చును. ఇందొక విశేషము కలదు. ఈ క్రిమి తల్లిపిడుదు నుండి గ్రుడ్డులోనికి, గ్రుడ్డునుండి పిల్లలోనికి దిగును. కావున ఎన్నడును ఏ పశువును కుట్టని పిడుదుపిల్ల సైతము పుట్టుకతోనే విషము మోయుచుండవచ్చును.

మూడవది అనాప్లాస్మా జ్వరము. ఇందు మూత్రము ఎఱ్ఱబడదు. పశువు పాలిపోయి, పచ్చబడి, మలబద్ధముతో దినదినము కృశించును. ఇది పిడుదుల వలననే గాక, కుట్టు ఈగల వలనను, ఒక పశువునకు వాడిన సూదిని కడుగక వేరొకదానికి వాడుట వలనను గూడ వ్యాపించును. కావున సూదిమందు వేయించునపుడు ప్రతి పశువునకును క్రొత్త సూదిని అడుగుట మొగమాటపడవలసిన విషయము కాదు.

ఈ మూడింటికిని నేడు మంచి మందులు గలవు. థైలీరియాకు బుపర్వాక్వోనును, బబీసియాకు డైమినజీనును, అనాప్లాస్మాకు ఆక్సిటెట్రాసైక్లినును పశువైద్యులు వాడుదురు. ఒకదాని మందు వేరొకదానికి పనిచేయదు. కావున చెవి నుండి ఒక బొట్టు నెత్తురు గాజుపలకపై తీయించి, సూక్ష్మదర్శినితో పరీక్ష చేయించిన పిమ్మట మందు వేయించుట మేలు. నెత్తురు విరిగి పశువు పడిపోయిన పిమ్మట ఎంతటి మందును ఆలస్యమే. రైతు సేవా కేంద్రములోని పశుసంవర్ధక సహాయకునికి చెప్పవచ్చును. 1962 నంబరునకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనమును పిలిపించుకొనవచ్చును.

దేశవాళి పశువు, సంకరజాతి పశువు

"మా తాతల నాడు పిడుదులు లేవా? అప్పుడీ జ్వరములు ఏల లేవు?" అని అడుగువారు కలరు. ఇది న్యాయమైన ప్రశ్న. ఒంగోలు మొదలగు మన దేశవాళి పశువులు తరతరములుగా పిడుదులతో కలిసి బ్రదికినవి. వాని చర్మము మీద పిడుదులు అంతగా నిలువవు. రోగక్రిమి నెత్తురులో చేరినను చాలవరకు తట్టుకొనును. ఈ గుణమును చూచియే బ్రెజిలు దేశస్థులు మన పశువులను కొనిపోయి వృద్ధి చేసికొనిరి. అచ్చట నేడు లక్షలకొలదిగా మేయుచున్న 'నెలోరె' పశువుల పేరు మన నెల్లూరు పేరే. శీతలదేశపు జెర్సీ, హోల్‌స్టీన్ ఆవులకు ఈ శక్తి లేదు. వాని రక్తము కలిసినకొలది పాలు పెరుగును, ఈ ఓర్పు తగ్గును.

ఇందొక చిక్కు గలదు. దేశవాళి ఎద్దు పైకి ఆరోగ్యముగా నుండి, లోపల క్రిమిని మోయుచుండవచ్చును. దానిని కుట్టిన పిడుదు గోడ నెఱియలో కుబుసము విడిచి, ప్రక్కన కట్టిన సంకరజాతి ఆవునెక్కినచో జ్వరము దానికి వచ్చును. "మా ఎద్దులకేమియు లేదు, మాకు మందెందులకు?" అనెడి పొరుగువాని మాట ఈ హేతువుచేతనే చెల్లదు.

థైలీరియా జ్వరమునకు టీకా గలదు. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ సంస్థవారు 'రక్షావ్యాక్-టి' అను పేర దానిని తయారుచేయుచున్నారు. సంకరజాతి దూడలకు రెండు నెలలు నిండిన పిమ్మట దీనిని వేయింపవచ్చును. ఇది మిక్కిలి చల్లని ద్రవనత్రజనిలో నిలువయుంచవలసినదగుటచే, ఒక్క దూడకై తెప్పించుట కష్టము. పది ఇండ్లవారు కలిసినచో సులభము. చూడి పశువుల విషయమున వైద్యుని అడిగి గాని వేయింపరాదు. టీకా థైలీరియాను మాత్రమే ఆపును. పిడుదును ఆపదు, మిగిలిన రెండు జ్వరములను ఆపదు.

కొట్టమును శుభ్రపరచు విధము

గోడల నెఱియలను, రాతి సందులను, గాడి పగుళ్లను సున్నముతో గాని సిమెంటుతో గాని పూడ్పించి, ఏటికి రెండుమారులు సున్నము కొట్టింపవలెను. పూడ్చుటకు ముందు ఆ సందులలో పిడుదుల మందునీటిని పిచికారి చేయవలెను. నేలమీది చెత్తను ఊడ్చి దూరముగా కాల్చివేయవలెను. బోదకప్పు కొట్టములలో నెఱియలను మంటతో కాల్చబూనుట కొంపకు నిప్పు పెట్టుకొనుటయే, అది మానవలెను. పేడదిబ్బ కొట్టమునకు ఆనుకొని యుండరాదు. నాటుకోళ్లను దొడ్డిలో విడిచినచో అవి రాలిన పిడుదులను ఏరి తినును. గోరింకలును తెల్లకొంగలును పశువుల వెంట తిరుగుచు మనకు కూలి లేని ఉపకారము చేయుచున్నవి, వానిని తోలరాదు.

కుందూ తీరపు నల్లరేగడి గ్రామములలో ఎరువునకై చేలలో గొర్రెల మందలను ఆపుట కలదు. మేలైన అలవాటే; కాని మందను కొట్టమునకు దగ్గరగా ఆపరాదు. నల్లమల అంచున రుద్రవరము, అహోబిలము దిక్కున అడవి మేతకు పోవు పశువులను సాయంకాలము కట్టివేయుటకు ముందు చెవులు, గంగడోలు, తొడల సందులు తడిమి చూడవలెను. థైలీరియా క్రిమి పిడుదు కుట్టిన వెంటనే పశువులోనికి దిగదు. అందుకు రెండు మూడు దినములు పట్టును. కావున ఏనాటి పిడుదును ఆనాడే ఏరివేయుట వట్టి శ్రమగాదు, నిజమైన రక్షణము. సంతలో కొన్న పశువును మూడు వారములు వేరుగా కట్టి, మందు కొట్టించి, జ్వరము లేదని చూచిన పిమ్మటనే మందలో కలుపవలెను.

మందులు వాడునపుడు జాగ్రత్తలు

డెల్టామెథ్రిన్, సైపర్‌మెథ్రిన్, అమిత్రాజ్ మొదలగునవి పశువుల ఒంటికై ప్రత్యేకముగా తయారైన మందులు. సీసామీద వ్రాసిన కొలత ప్రకారమే నీట కలుపవలెను. తక్కువైనచో పిడుదు చావక ఆ మందునకు అలవాటుపడును. ఎక్కువైనచో పశువునకే చేటు. ఒకే మందును ఏండ్ల తరబడి వాడినందున మన దేశమున పలుచోట్ల పిడుదులు దానికి లొంగకున్నవి. ఒక మందు పనిచేయనిచో కొలతను పెంచరాదు. వైద్యుని అడిగి మందును మార్చవలెను.

ఎండవేళ కొట్టరాదు, ఉదయముననో చల్లపూటనో కొట్టవలెను. ముందుగా పశువునకు కడుపార నీరు పెట్టి, నాకకుండ మూతికి చిక్కము కట్టి, చెవుల లోపల, తోక క్రింద, పొదుగు చుట్టు గుడ్డతో అద్దవలెను. పుండ్లున్న చోట తగులనీయరాదు. పితుకుటకు ముందు పొదుగును కడుగవలెను. ఐవర్‌మెక్టిన్ సూదిమందును పాలిచ్చు పశువులకు వేయింపరాదు. అది పాలలో దిగును. మిగిలిన మందునీటిని కె.సి. కాలువలోగాని చెరువులోగాని పారబోయరాదు. చేపలకు అది విషము.

పత్తికిని మిరపకును తెచ్చిన పురుగుమందును పశువుల ఒంటికి పూయువారు ఇంకను కలరు. వ్యవసాయ ప్రదర్శకులముగా మేము ఈ సంగతిని గట్టిగా చెప్పవలసియున్నది. పైరు మందు పైరునకే. దానిని పూసిన పశువు నురుగులు కక్కి గంటలలో చచ్చుట కలదు, పూసినవానికిని ప్రమాదమే. పూర్వము వాడుకలోనుండిన బి.హెచ్.సి. పొడి 1997లో మన దేశమున నిషేధింపబడినది. వేపనూనె పిడుదులను కొంత దూరముంచును. నిండుగా పట్టిన పిడుదులను అదియొక్కటే పోగొట్టునని నమ్మరాదు.

మనుష్యులకు గల ప్రమాదము

పిడుదు పశువులతో ఆగునది కాదు. 1957లో మైసూరు రాష్ట్రపు శివమొగ్గ జిల్లాలోని క్యాసనూరు అడవిలో కోతులు గుంపులుగా చచ్చినవి. అడవికి పోయిన జనులు తీవ్రజ్వరమున పడిరి. అడవి పిడుదులే దానిని వ్యాపింపజేసినవని తేలినది. ఆ వ్యాధి పిమ్మట పడమటి కనుమలలోని ఇతర రాష్ట్రములకును ప్రాకినది. 2011 జనవరిలో గుజరాతునందలి అహమ్మదాబాదు జిల్లాలో క్రిమియన్-కాంగో జ్వరము మన దేశమున తొలిసారి నిర్ధారణమైనది. రోగియు, ఆమెకు చికిత్స చేసిన వైద్యుడును, పరిచర్య చేసిన దాదియు మరణించిరి. దానిని మోయునది హయలోమ తెగ పిడుదే. పశువులో మాత్రము ఆ రోగము పైకి కనబడదు. కుక్కపిడుదుల వలన టైఫస్ జాతి జ్వరము వచ్చి, అరచేతులలోను అరికాళ్లలోను సైతము ఎఱ్ఱని దద్దురులు కనబడుట కలదు. ఈ మధ్య సంవత్సరములలో మనము వినుచున్న స్క్రబ్ టైఫస్ మాత్రము పిడుదు వలన రాదు. పొదలలోని అతిసూక్ష్మమైన నల్లి జాతి పిల్లపురుగు కుట్టుటచే వచ్చును. కుట్టినచోట నల్లని చెక్కు కట్టుట దాని గురుతు. ఈ టైఫస్ జ్వరములు రెండును తొలిదినములలో డాక్టరు వద్దకు పోయినచో సులభముగా కుదురును.

వీనిని చెప్పుట భయపెట్టుటకు కాదు. కొన్ని అలవాట్లు మార్చుకొనుటకు. పిడుదును గోళ్ల నడుమ చిదుపరాదు. దాని నెత్తురు చేతి గాట్లకు తగులును. ఏరిన పిడుదులను కిరసనాయిలు పోసిన డబ్బాలో వేయవలెను. పిల్లలచేత ఏరింపరాదు. మన ఒంటిని పిడుదు పట్టినచో, చిమటాతో చర్మమునకు ఆనించి పట్టి, మెల్లగా నిలువున లాగి, సబ్బుతో కడుగవలెను; బీడీ నిప్పుతో కాల్చరాదు. అటుపిమ్మట రెండు వారములలో జ్వరము వచ్చినచో, పిడుదు కుట్టిన సంగతిని డాక్టరుకు తప్పక చెప్పవలెను. అడవి అంచున కోతులు చచ్చిపడియున్నచో తాకక, అటవీశాఖ వారికి తెలుపవలెను.

ఒకరి పని కాదు, ఊరి పని

ఇక లెక్క చూతము. ఒక ఊరిలో 20 ఇండ్లవారు పశువులకు మందు కొట్టి, 5 ఇండ్లవారు మానిరనుకొందము. మానిన ఇంటికొక్క పశువే యున్నదనియు, దినమునకు ఒక్కొక్క పశువునుండి పది ఆడపిడుదులే రాలుననియు అనుకొందము. అవి 50. ఒక్కొక్కటి రెండువేల గ్రుడ్లు పెట్టినచో, దినమునకు లక్ష గ్రుడ్లు. అవి పడునది అందరి పశువులు నడచు డొంకలోను, అందరి పశువులు మేయు బీటిలోను. 20 ఇండ్లవారి ఖర్చు ఈ విధముగా మట్టిలో కలియును.

అమెరికా వారికి ఈ పాఠము కష్టముమీద తెలిసినది. వారు 1906లో పిడుదుల నిర్మూలనమునకు పూనుకొని, ఊరూర మందునీటి తొట్లు కట్టించి, పశువులన్నిటిని నియమిత దినములలో ముంచి తీయించిరి. కొందరు రైతులు ఎదురు తిరిగి తొట్లను మందుగుండుతో పేల్చివేసిరి. అయినను విడువక సాగించి, 1943 నాటికి మెక్సికో సరిహద్దు పట్టీ తప్ప మిగిలిన దేశమును ఆ పిడుదు నుండి విడిపించిరి. అచ్చట చట్టము చేసిన పనిని ఇచ్చట సహకారము చేయగలదు.

మేము సూచించు పద్ధతి ఇది. తొలకరికి ముందే సంఘము సమావేశమై ఒక దినమును నిర్ణయింపవలెను. మందును, పిచికారి యంత్రమును సంఘమే తెప్పించి, పశువుల లెక్కనుబట్టి ఖర్చు పంచవలెను. ఆ దినమున ఊరిలోని ఆవులు, ఎద్దులు, గేదెలు, గొఱ్ఱెలు, మేకలు, కుక్కలు, ఒక్కటియు మిగులక మందు పడవలెను. ఒక్కొక్క జాతికి తగిన మందేదో పశువైద్యుడు చెప్పును. కొట్టములకును అదే దినమున మందు కొట్టవలెను. 21 దినములు నిండక మునుపే, అనగా 18వ దినమున, మరల కొట్టవలెను. మొదటిసారి తప్పించుకొని ఎక్కిన పిల్ల, నెత్తురు నిండి రాలిపోకముందే చచ్చుటకు ఈ గడువు. ఈ ప్రకారము వానకాలమంతయు సాగించినచో, మట్టిలోని పిల్లలు ఎక్కుటకు మందు లేని పశువు దొరకక ఆకలిచే నశించును.

సభ్యత్వము లేనివారి పశువులకును, పేదవాని ఒంటి మేకకును సంఘము ఖర్చుమీదనే మందు కొట్టించుట ధర్మమని మా అభిప్రాయము. అది దానము కాదు, లెక్క. పిడుదు రిజిస్టరు చూచి ఎక్కదు.

ఆవు కొనుటకు అప్పిచ్చు సంఘము, ఆ ఆవు బ్రదుకునట్లు చూచుట గూడ తన పనియని తలపవలెను. రాబోవు సమావేశమున ఈ విషయమును చర్చకు తెచ్చి, దినమును నిశ్చయించి, ఒకరిద్దరు యువకులను ఈ పనికి నియమింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. దినము నిశ్చయమైన గ్రామమునకు మేము వచ్చి, మందు కలుపు కొలతను, పిచికారి చేయు విధమును ప్రత్యక్షముగా చేసి చూపుదుము.